ముందుగదిలో తెల్లముసుగు ఆవిడ

మా అమ్మాయి బడివాళ్ళు పిల్లల్ని లండన్‌లోని పెద్ద చిత్రశాలకి తీసుకెళ్తూ, తోడుగా తల్లులెవరైనా వస్తారా అని అడిగారట. ఆ వారం నా డ్యూటీల రోటాలో ఒకే ఒక్క రోజు ఖాళీ అని తెలిసి కూడా మా అమ్మాయి చెయ్యెత్తేసింది. చెయ్యెత్తింది అది, వెళ్ళాల్సింది నేను. మిల్టన్ కీన్స్ స్టేషన్‌లో పసుపు జాకెట్ల పిల్లల్ని లెక్కపెడుతూ రైలెక్కి, యూస్టన్‌లో దిగి మళ్ళీ లెక్కపెట్టి, ఆ చిత్రశాలలో ఒక్కో గది దాటేసరికి నా నడుము నా మాట వినడం మానేసింది. నాకు నలభై ఇంకా రాలేదు గానీ నడుముకి ఎప్పుడో వచ్చేసింది. పిల్లల టీచర్ ఒక పాత పటం ముందు అందర్నీ నేల మీద కూర్చోబెట్టి, ఈమె ఎవరై ఉంటుందో చెప్పండి అని అడిగింది. ఒకడు నన్ అన్నాడు, ఒకమ్మాయి వాళ్ళ నానమ్మ అంది. మా అమ్మాయి మాత్రం "షీ లుక్స్ లైక్ షీజ్ జస్ట్ డన్ నైట్స్, లైక్ మై మమ్" అంది. నైట్ డ్యూటీలు దిగి వచ్చిన నాలా ఉందట. అందరూ నవ్వారు, టీచర్‌తో సహా. నాకు నవ్వు రాలేదు. నేను అప్పుడే తలెత్తి ఆ పటం చూశాను. బెంచీ ఎక్కడుందా అని వెతుక్కుని కూర్చున్నాను.

ఆవిడే. కనుబొమల దాకా దిగిన తెల్ల ముసుగు, దాని మీద నల్లటి శాలువా, చేతిలో మూసిన పుస్తకం, ఎక్కడిదాకా చదివిందో పోకుండా మధ్యలో పెట్టిన చూపుడువేలు. చదువుకుంటుంటే ఎవరో పిలిచినట్టుంటుంది. పిలిచినవాళ్ళ మీద కోపం లేదు, వెళ్ళే ఓపికా లేదు. చూపు మన వైపు ఉండదు, కాస్త పక్కకి, కిందకి ఉంటుంది. తల చుట్టూ దారప్పోగంత సన్నగా ఒక బంగారు గీత. వందల ఏళ్ళ కిందట ఇటలీలో ఎవరో గీసిన ఈ ముసలావిడతో నేను ఏడాదిన్నర ఒకే ఇంట్లో ఉన్నానని ఆ పిల్లలకి చెబితే నమ్మరు. ఆ ఇల్లు ఈస్ట్ హామ్‌లో ఉంది. ఇల్లు దేవకృప ఆంటీది. అంటే అద్దెకి ఆవిడ తీసుకున్నది, ఆవిడ దగ్గర మేము.

నేను తెనాలి నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చిన కొత్త. చదువు పేరుకి, పని పొట్టకి. పగలు కాలేజీ, మిగతా టైములో కేర్ హోమ్. అదే వయసులో కరీంనగర్ నుంచి వచ్చిన లావణ్యదీ అదే కథ. ఇద్దరికీ కలిపి పైన ఒక గది. ఆంటీది కింద, మెట్ల పక్కన ఉన్న చిన్న గది. ముందుగది మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు. కాస్త అద్దె వచ్చేదే, అందరూ చెప్పేవాళ్ళు కూడా. ఆ గది శుక్రవారం సాయంత్రం ప్రార్థన కూటం కోసం. వారమంతా తలుపు మూసే ఉండేది. గురువారం నుంచే ఆవిడ పని మొదలయ్యేది. దుప్పట్లు దులపడం, కార్పెట్ మీద హూవర్ తిప్పడం, కుర్చీలు చాలకపోతే పక్కింటి బెంగాలీ వాళ్ళని అడిగి తేవడం. శుక్రవారం పొద్దున్నే కోడికూర వండి, కిటికీలన్నీ తెరిచి, కూర వాసన గదిలో మిగలకుండా అట్టముక్కతో విసిరేది. ప్రార్థనకి వచ్చినవాళ్ళ మనసు వంటింట్లోకి పోకూడదనట. సాయంత్రానికి తడిసిన కోట్ల వాసన, కొబ్బరినూనె వాసన, ఎవరో షిఫ్ట్ నుంచి నేరుగా వస్తే చేతుల మీద మిగిలిన హాస్పిటల్ జెల్ వాసన, అన్నీ కలిసి హాల్లో నిలబడేవి. నేను ఆ మతం దాన్ని కాదు, లావణ్యా కాదు. అయినా పాటలు పాడేటప్పుడు మెట్ల మీద కూర్చుని వినేవాళ్ళం. తెలుగులో గొంతెత్తి పాడే మనుషులు వారానికి ఒక్కసారైనా ఆ ఇంట్లో ఉండేవాళ్ళు.

ఆంటీ పెళ్ళి చేసుకోలేదు. మిషన్ హాస్టల్లో పెరిగి, అక్కడే నర్సింగ్ చదివి, తర్వాత ఇక్కడికి వచ్చింది. ఫలానా మా తమ్ముడు, ఫలానా మా వదిన అని ఆవిడ నోట ఎప్పుడూ రాలేదు. నా వాళ్ళు అంటే ఆవిడకి కూటానికి వచ్చేవాళ్ళే. ఎవరికి కాన్పు దగ్గరపడింది, ఎవరి వీసా ఏమైంది, ఎవరు జీపీ డాక్టరు దగ్గరికి పొమ్మంటే పోవడంలేదు, ఇవే ఆవిడ మాటలు. మనిషి పొట్టి, నడక వేగం, కోపం తక్కువ. బాత్రూంలో జుట్టు వదిలేస్తే మాత్రం ఇద్దరినీ నిలబెట్టి అడిగేది.

ఈ పటం ఆంటీ చూసుకునే ఒక ముసలమ్మ ఇంట్లోంచి వచ్చింది. ఎడ్నా అని, ఒకప్పుడు టీచరు. చివరి రోజుల్లో ఆంటీ ఆమె ఇంటికి వెళ్ళి స్నానం, మందులు, తిండి చూసేది. ఎడ్నా పోయాక ఆమె మేనల్లుడు ఇల్లు ఖాళీ చేస్తూ సామానంతా బయట చెత్త వేసే స్కిప్‌లో వేయిస్తుంటే, ఈ ఒక్కటి ఇవ్వమని ఆంటీ అడిగి తెచ్చుకుంది. అసలు పటం కాదు, దాన్ని అచ్చు వేసి అద్దం కట్టిన కాగితం. ఎన్నేళ్ళు చలి కాచుకునే పొయ్యి పైన వేలాడిందో, ఎడ్నా సిగరెట్ పొగ ఎంత పీల్చిందో గానీ, కాగితమంతా టీ డికాషన్ రంగుకి తిరిగింది. తెల్ల ముసుగు మన పాత నూలుచీర రంగైంది. ముఖం మనలాంటి చామనఛాయ. తల చుట్టూ ఏదైనా గీత ఉంటే అది ఆ మసిలో కలిసిపోయింది. కింద చిన్న అక్షరాల్లో చిత్రశాల పేరు తప్ప మరేమీ లేదు. ఆంటీ దాన్ని ముందుగదిలో, పాస్టరు గారు కూర్చునే కుర్చీకి ఎదురుగా తగిలించింది. ఎవరని నేను అడగలేదు. చూస్తే ఆంటీ వాళ్ళింటి పెద్దావిడే అనిపించింది. ఆంటీ గడ్డం కూడా అలాగే ఉంటుందని లావణ్య అనేది.

ఆ అభిప్రాయమే కొంప ముంచింది. లావణ్య వాళ్ళింట్లో శుక్రవారం నాడు పోయినవాళ్ళ పటాలు తుడిచి పూలు పెట్టడం అలవాటు. ఆ శుక్రవారం లావణ్యకి సెలవు. హై స్ట్రీట్‌లో మనవాళ్ళ కొట్టుకి వెళ్ళి, పై గదిలో తన దేవుడి కోసం చామంతి పూలు తెచ్చుకుంది. ఒక దండ మిగిలింది. కిందికి వచ్చి చూస్తే ముందుగది తుడిచి, కుర్చీలు వేసి, శుభ్రంగా ఉంది. గోడ మీద పెద్దావిడ ఉత్త మెడతో ఉంది. దండ వేసింది. అంతటితో ఆగితే బాగుండేది. అరటిపండు ఒకటి తెచ్చి పటం కింద కిటికీ గట్టున పెట్టి, దానికి అగరువత్తి గుచ్చి వెలిగించింది. ఆంటీ అప్పటికి షిఫ్ట్ నుంచి రాలేదు. ముందు వచ్చినవాళ్ళు పాస్టరు గారు, ఆయన వెనక కూటంలో పెద్దావిడలిద్దరు. తలుపు నేనే తీశాను. గది గుమ్మంలో ముగ్గురూ అలా నిలబడిపోయారు. ఏమైందా అని నేనూ తొంగి చూశాను. పొగలోంచి పటంలో ఆవిడ మూసిన పుస్తకంతో మమ్మల్ని చూడకుండా చూస్తోంది.

పాస్టరు గారిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. వారమంతా హేస్‌లో, ఎయిర్‌పోర్ట్ పక్కన గోడౌన్‌లో పెట్టెలు ఎత్తి, శుక్రవారం ఆ ట్రాఫిక్‌లో లండన్ ఆ మూల నుంచి ఈ మూలకి కారు నడుపుకుంటూ వచ్చేవాడు. ఆయన అరవలేదు. అగరువత్తి మాత్రం తీసి సింకులో ముంచి వచ్చాడు. కూటం జరిగింది గానీ ఎవరి చూపూ బైబిల్ మీద లేదు. అది మరియమ్మ అని ఒకరు, కాదు, సన్యాసిని అని ఒకరు. లూకా సువార్తలో దేవాలయం విడిచిపెట్టని విధవరాలు ఉందే, ఆవిడేమో అని ఇంకొకరు. బైబిల్లో మనిషైతే పరవాలేదా అని ఆ మాటన్నవాళ్ళని మరొకరు నిలదీశారు. విక్టోరియా రాణి ముసలితనంలో ఇలాగే ఉండేదని వెనక నుంచి ఎవరో అన్నారు. పాస్టరు గారు నిర్గమకాండం తీసి విగ్రహాల గురించిన ఆజ్ఞ చదివాడు. అప్పటికి ఆంటీ వచ్చి, కోటు కూడా విప్పకుండా తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది.

లావణ్య ఏడుపు ఆపుకుంటూ మెట్లు దిగి వచ్చింది. "మీ అమ్మగారనుకున్న ఆంటీ. శుక్రవారం గదా, ఉత్తగ ఎందుకుంచుడని పూలేసిన" అంది.

ఆంటీకి కోపం రాలేదు. ముఖంలో ఏదో వెలుగు వచ్చింది. "నీకూ అలాగే అనిపించిందా?" అని అడిగింది.

పాస్టరు గారికి ఆ ప్రశ్న నచ్చినట్టు లేదు. "సిస్టర్ గారూ, మీ మీద నాకు ఏ అనుమానమూ లేదండీ. కానీ ఆవిడ ఎవరో తెలియాలి కదా. మామూలు మనిషైతే గోడ మీద ఉండనివ్వండి. క్యాథలిక్కులు మొక్కే పునీతురాలైతే మాత్రం ఈ గదిలో మనం మోకరించలేం" అన్నాడు. తెలిసేదాకా కూటం ఇంకెవరింట్లోనైనా పెట్టుకుందామన్నాడు. అందరూ ఎవరి చెప్పులు వాళ్ళు వెతుక్కున్నారు. కోడికూర అలాగే మిగిలిపోయింది. మరుసటి శుక్రవారం ఆ గది కుర్చీలు లేకుండా చూస్తే నాకే బాధేసింది. ఆంటీ అలవాటు కొద్దీ కార్పెట్ హూవర్ చేసింది, చేసి తలుపు వేసింది.

మర్నాడు పొద్దున వంటింట్లో వెల్లుల్లి ఒలుస్తూ నాతో చెప్పింది. ఆవిడ అంతసేపు తన గురించి మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. వాళ్ళమ్మ దివిసీమలో మిషన్ తరఫున బైబిల్ ఉమన్‌గా పనిచేసేదట. తెల్లచీర కట్టుకుని, తల మీద కొంగు కప్పుకుని, సంచిలో బైబిల్ వేసుకుని లంక ఊళ్ళల్లో ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకి వాక్యం చదివి చెప్పే పని. ఉప్పెన వచ్చిన రాత్రి ఆవిడ ఏ ఊళ్ళో ఉందో కూడా తెలియలేదు. ఆంటీ హాస్టల్లో ఉండబట్టి బతికింది. ఇల్లు, సామాను, మనుషులు, అన్నీ పోయాయి. ఫోటో ఒక్కటి కూడా మిగల్లేదు.

"ముందు గొంతు పోయింది అమ్మాయ్, తర్వాత ముఖం పోయింది. తెల్లచీర ఒక్కటే మిగిలింది నాకు. కళ్ళు మూసుకుంటే చీరే కనపడేది, లోపల మనిషి ఉండేది కాదు. ఎడ్నా ఇంట్లో ఈ పటం చూసిన రోజున ఆ చీరలోకి ముఖం వచ్చింది" అంది. తర్వాత వెల్లుల్లి పొట్టు అంతా ఒక చోటికి చేర్చి, నన్ను చిత్రశాలకి తీసుకెళ్ళమని అడిగింది. ఆవిడ ఎవరో అక్కడ రాసి ఉంటుంది కదా, చదివి ఉన్నది ఉన్నట్టు చెప్పు, నాకోసం ఏదీ కల్పించొద్దు అంది. ఆవిడకి కూటం కావాలి, వాళ్ళమ్మ కావాలి. రెండూ దక్కాలంటే పటంలో ఉన్నావిడ ఎవరూ కాని మనిషై ఉండాలి. ఆ కోరికతోనే ఇద్దరం డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కాం.

అసలు పటం చిన్నది. మా ముందుగదిలో ఉన్నదానికంటే చిన్నది. పక్కన గోడకి అతికించిన పలకని నేను ఒకటికి రెండుసార్లు చదివాను. గీసినవాడి పేరు తెలియదట. ఆ ముసలావిడ బహుశా ఎవరో వర్తకుడి తల్లి కావచ్చునట. ఆ కాలంలో కలిగినవాళ్ళు తమ ఇంటి ఆడవాళ్ళని పునీతుల రూపంలో గీయించుకునేవాళ్ళట. నల్ల శాలువా విధవ గుర్తు. పునీతుల గుర్తుగా తల చుట్టూ ఉన్న బంగారు గీత తర్వాతెప్పుడో ఎవరో కలిపి ఉండవచ్చు. చదువుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతకంటే ఏం కావాలి? ఎవరో కొడుకు తన తల్లిని గీయించుకున్నాడు, గీత ఒక్కటే పరాయిది. పాస్టరు గారికి ఎలా చెప్పాలో కూడా మనసులో తయారు చేసుకుంటూ, "ఆంటీ, ఈవిడ మామూలు మనిషేనంట. ఎవరో అబ్బాయి వాళ్ళమ్మంట" అన్నాను.

ఆంటీ నా మాట వినలేదు. పటం ముందు, హ్యాండ్‌బ్యాగ్ రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని నిలబడి ఉంది. అక్కడ పొగ లేదు, మసి లేదు. ఎవరో శ్రద్ధగా శుభ్రం చేసి, పైన దీపం పెట్టారు. ముసుగు కళ్ళు చెదిరే తెలుపు. ముఖం గులాబీ రంగు, బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు. కనుబొమలు ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి. కళ్ళు బూడిద రంగు. మేము కేర్ హోమ్‌లో రోజూ లేపి కూర్చోబెట్టే తెల్ల ముసలమ్మల్లో ఒకావిడ. ఎంతసేపు నిలబడిందో నేను చూసుకోలేదు. వెనక జనం వచ్చి, మమ్మల్ని తప్పుకుని పోయారు.

"ఈవిడ మా అమ్మ కాదమ్మాయ్" అంది.

ఆవిణ్ణి అక్కడికి తీసుకురాకుండా ఉంటే బాగుండేదనిపించింది. ఆ మసి పట్టిన కాగితంలో ఉన్న చామనఛాయ మనిషి ఎక్కడా లేదని తేలిపోయింది. ఉప్పెనలో ఒకసారి పోయిన తల్లి ఇప్పుడు ఈ దీపాల వెలుగులో మళ్ళీ పోయింది.

ఇంటికి వెళ్ళిన సాయంత్రమే ఆంటీ పటం దింపి, న్యూస్‌పేపర్‌లో చుట్టి ఛారిటీ షాప్‌లో ఇచ్చేసింది. పలకలో రాసి ఉన్నదంతా నేను పాస్టరు గారికి చెబుతానన్నాను, వద్దంది. పాస్టరు గారు ఆవిడ తన మాటకి లోబడిందనుకుని దేవునికి స్తోత్రం చెప్పాడు. కూటం మళ్ళీ మొదలైంది. నాకు ఒళ్ళు మండింది. ఆంటీకి ఏమీ అనిపించలేదు, ఆ వారం కోడికూర కాస్త ఎక్కువే వండింది. లావణ్య ఆ తర్వాత ఏ పటానికీ దండ వేసే ముందు ఎవరిదని అడిగేది. ఇంకో ఏడాదికి నాకు పెళ్ళైంది, లావణ్య ఎటో వెళ్ళింది, ఆంటీ కొత్త పనికి దగ్గరని హేస్‌కి మారిపోయింది. క్రిస్మస్‌కి ఫోన్ చేసుకుంటాం. మిగతా రోజుల్లో ఎవరి షిఫ్టులు వాళ్ళవి.

ఇప్పుడు మా ఇంట్లో ముందుగది ఉంది, అందులో పెద్ద టీవీ ఉంది. ఆ గదిలో పదిమంది కూర్చుని గొంతెత్తిన రోజు ఒక్కటీ లేదు. ఎవరైనా రావాలంటే రెండు వారాల ముందు మెసేజ్ పెట్టాలి, కారు పార్కింగ్ ఉందో లేదో చూసుకోవాలి. మా అమ్మ తెనాలిలో ఉంది. వారానికి మూడుసార్లు వీడియోలో కనపడుతుంది. ఫోన్ నిండా ఆవిడ ఫోటోలే. చీర కొంటే ఫోటో, దోసె వేస్తే ఫోటో. అయినా కళ్ళు మూసుకుని అమ్మ ముఖం తలుచుకుంటే నాకు ఫోన్‌లో ముఖమే వస్తుంది, కాస్త పైనుంచి, గడ్డం సగం తెగి, వెనక ట్యూబ్‌లైటుతో. ఆవిడ చెవులు ఎలా ఉంటాయో చెప్పమంటే నేను ఫోన్ తీసి చూడాలి. ఆంటీ దగ్గర ఒక్క ఫోటో లేదు. ఎవరం ఎక్కువ పోగొట్టుకున్నామో నాకు తెలియడం లేదు. అలసిపోయిన రోజుల్లో ఈ ఆలోచన రాకుండా చూసుకుంటాను, కానీ అలసిపోని రోజులు తక్కువ.

ఆ రోజు ఆంటీతో చిత్రశాల నుంచి తిరిగి వచ్చిన ప్రయాణం గురించి నేను ఎవరికీ చెప్పలేదు. రైల్లో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఆంటీ ఎదురుగా ఉన్న నల్ల అద్దంలోకి చూస్తూ కూర్చుంది. ఏడిస్తే ఏం చెయ్యాలో తెలియక నేను టిష్యూలు తీసి చేతిలో పెట్టుకున్నాను. ఒక్కో స్టేషన్ వచ్చిపోతోంది, ఆవిడ ఏడవడం లేదు. బో రోడ్ దాటాక రైలు భూమి లోపలినుంచి పైకి వస్తుంది. ఒక్కసారిగా ఎండ లోపలికొచ్చి అందరి ముఖాల మీద పడింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"ఈవిడ కాదు అని నాకెలా తెలిసింది?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు. "రంగు చూసి, కళ్ళు చూసి" అన్నాను.

"రంగు సంగతి కాదులే. ఆ కళ్ళు మా అమ్మవి కాదని చూడగానే అనుకున్నా. మరి మా అమ్మవి ఎలా ఉంటాయో తెలియకుండా ఎలా అనుకుంటాను?" అంది. "నాలో ఎక్కడో ఉందమ్మాయ్ ఆవిడ. పోలేదు."

అని మెల్లగా మొదలుపెట్టింది. నాకు చెబుతున్నట్టు కూడా కాదు. కళ్ళు చిన్నవి, లోతుగా ఉండేవి. నవ్వితే పై చిగుళ్ళు కనపడతాయని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. బాప్తిస్మం అయ్యాక ముక్కుపుడక తీసేస్తే ఆ చిల్లు పూడిపోయి నల్లటి చుక్కలా మిగిలింది. నుదుటి మీద ఎడమ పక్కన చిన్న గాటు, కొడవలి తగిలిందని చెప్పేది. ఒక్కొక్కటి చెప్పి, ఆగి, నిజమేనా అని లోపలికి చూసుకుని, మళ్ళీ చెప్పేది. ఆవిడ కోసం తీసిన టిష్యూలు నేనే వాడుకున్నాను. అప్టన్ పార్క్ వెళ్ళిపోయింది. ఈస్ట్ హామ్ వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి.

నేను లేచి నిలబడి, "దిగాలి ఆంటీ" అన్నాను.

"ఉండమ్మాయ్" అంది ఆవిడ కళ్ళు మూసుకుని, నా చెయ్యి పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టి. "చెవులు గుర్తొస్తున్నాయి."